తప్పిన రోజును మన్నించే యాప్



తీరిక దొరకని విద్యార్థికి ఇంగ్లీషు మాటలు నేర్పే ఫోన్ యాప్ ఎలా ఉండాలి? ఈ పూట నా ప్రసంగం ఆ ఒక్క ప్రశ్న మీదే. సికింద్రాబాద్‌లో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు పాఠం చెప్పేవాణ్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు తరగతి గదిలోనే ఎదురవుతుంది.

ముందు ఆ విద్యార్థి ఎవరో చూద్దాం. మన ఊళ్లో చదువూ పనీ పక్కపక్కనే నడుస్తాయి. పొద్దున క్లాసులు విని, మధ్యాహ్నం నుంచి జనరల్ బజార్‌లో బట్టల కొట్లో నిలబడే అమ్మాయి ఉంది. సాయంత్రాలు బండి మీద పార్సెళ్లు చేరవేసే అబ్బాయి ఉన్నాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేస్తూ పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లు ఉన్నారు. భువనగిరి నుంచి, జనగామ నుంచి రోజూ రైల్లో వచ్చిపోయేవాళ్లు ఉన్నారు. వీళ్లలో చాలామంది ఇంటర్ దాకా తెలుగులో చదివారు. డిగ్రీకి వచ్చేసరికి పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. పోటీ పరీక్షలోనూ ఇంగ్లీషు తప్పదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశలో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు. గ్రూప్-1 మెయిన్స్ తెలుగులో రాసే అభ్యర్థి కూడా జనరల్ ఇంగ్లీషు పేపరు గట్టెక్కి తీరాలి.

వీళ్లకు శ్రద్ధ ఉంది, తెలివి ఉంది, చేతిలో ఫోనూ ఉంది. గంటసేపు కదలకుండా కూర్చునే తీరిక మాత్రం లేదు. దొరికేవన్నీ చిన్న చిన్న ముక్కలు. రేతిఫైల్ బస్టాండులో బస్సు వచ్చేలోపు కొన్ని నిమిషాలు, ఎంఎంటీఎస్‌లో జేమ్స్ స్ట్రీట్ దాటి బేగంపేట చేరేలోపు ఇంకొన్ని, హాస్టల్లో అన్నానికి పిలిచేలోపు మరికొన్ని.

మాటలు నేర్పే యాప్‌లకు కొదవ లేదు. పిల్లలు ఉత్సాహంగా ఫోన్లో వేసుకుంటారు. వారం పది రోజులు బాగానే సాగుతుంది. అంతలో ఇంటర్నల్ పరీక్షలు వస్తాయి, లేదా ఇంట్లో పెళ్లి, లేదా బోనాల ముందు దుకాణంలో ఊపిరాడని బేరాలు. నాలుగు రోజులు యాప్ తెరవడం కుదరదు. ఐదో రోజు తెరిస్తే, వరుస తెగిపోయిందని చెప్పే ఏడుపు బొమ్మ ఒకటి, దాని కింద బాకీ పడ్డ నూట యాభై మాటలు. దాన్ని చూడగానే నీరసం వస్తుంది. మూసేస్తారు. మళ్లీ దాని జోలికి పోరు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇటువంటి యాప్ తయారుచేసేవారు రోజూ క్రమం తప్పకుండా తెరిచే విద్యార్థిని తలచుకుని మొదలుపెడుతున్నారు. నాలుగు రోజులు తెరవలేకపోయిన విద్యార్థిని తలచుకుని మొదలుపెట్టాలి. తప్పిన రోజు ఎలాగూ వస్తుంది. అది వచ్చినప్పుడు ఏం చేయాలన్నది ముందు తేల్చుకుని, మిగతా యాప్‌ను దాని చుట్టూ కట్టుకోవాలి.

ఇది పిల్లల మీద జాలితో అంటున్న మాట కాదు. జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో పరిశీలించినవాళ్ల లెక్కలే ఈ మాట చెబుతున్నాయి. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో జ్ఞాపకశక్తి మీద ఒక పుస్తకం ప్రచురించాడు. అర్థం లేని అక్షరాల గుంపులను వరుసగా కంఠస్థం చేయడం, కొంత కాలం వదిలేయడం, తర్వాత అవే గుంపులను మళ్లీ నేర్చుకోవడం. ఇదీ ఆయన పద్ధతి. ఆయన లెక్కల నుంచి వచ్చిన మరపు రేఖను మనస్తత్వశాస్త్రం పుస్తకాల్లో అందరూ చూసే ఉంటారు. మొదట్లో నిట్టనిలువునా పడిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది.

అయితే ఆ రేఖలో ఉన్నదేమిటో చాలామంది గమనించరు. రెండోసారి నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ కలిసివచ్చిందన్నదే ఆయన కొలిచింది. గంట తర్వాత 44 శాతం శ్రమ కలిసివచ్చింది. ఒక రోజు తర్వాత 34 శాతం. 31 రోజుల తర్వాత కూడా 21 శాతం. నెల రోజులు ముట్టుకోకపోయినా, పూర్తిగా పోయిందనుకున్న దాంట్లో అయిదో వంతు లోపల మిగిలే ఉందన్నమాట. అర్థం లేని అక్షరాలకే అంత మిగిలితే, పాఠంలో చదివి, వాక్యంలో చూసి, అర్థం తెలుసుకున్న మాట ఇంకా గట్టిగా నిలుస్తుంది. పది రోజుల తర్వాత తిరిగి వచ్చిన విద్యార్థి ఎప్పుడూ మొదటి మెట్టు మీద ఉండడు. యాప్ అతనికి ఆ సంగతి చెప్పాలి. బాకీల చిట్టా చూపించడానికి బదులు, "మీరు నేర్చుకున్నదాంట్లో చాలా భాగం మీ దగ్గరే ఉంది, ఈ పూట ఇరవై మాటలు చూద్దాం" అనాలి.

ఇక రెండో సంగతి, అడగడం. మన పాత బడుల్లో వల్లె వేయడం ఒక పని, అప్పజెప్పడం ఇంకో పని. సంస్కృత నిఘంటువు అమరకోశంలో సుమారు పదిహేను వందల శ్లోకాలున్నాయి. పిల్లలు సాయంత్రం వల్లె వేసేవారు, పొద్దున పుస్తకం మూసి గురువు ముందు అప్పజెప్పేవారు. తెలుగు మాటల కోసం పైడిపాటి లక్ష్మణకవి కూర్చిన ఆంధ్రనామసంగ్రహం కూడా నోటికి పట్టేలా పద్యాల్లోనే ఉంది. వల్లె వేయడం చదువు, అప్పజెప్పడం పరీక్ష అని మనం అనుకుంటూ వచ్చాం. కానీ చదువులో పెద్ద పాలు అప్పజెప్పడంలోనే ఉందని ఇటీవలి పరిశోధనలు తేల్చాయి.

అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో చేసిన ప్రయోగం వినండి. ఒక గుంపు విద్యార్థులు ఒక వ్యాసాన్ని నాలుగుసార్లు చదివారు. ఇంకో గుంపు ఒక్కసారే చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగుసార్లు చదివినవాళ్లే నెగ్గారు. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, గుర్తుచేసుకుని రాసినవాళ్లకు 61 శాతం. రాత్రంతా పుస్తకం తిరగేసి, "అన్నీ వచ్చేశాయి సార్" అనే పిల్లలు వారం తిరిగేసరికి ఎందుకు తెల్లమొహం వేస్తారో ఈ అంకెల్లో కనిపిస్తుంది.

కాబట్టి యాప్ మాటనూ అర్థాన్నీ పక్కపక్కన పెట్టి చూపించకూడదు. మాట ఒక వాక్యంలో కనిపించాలి, అర్థం దాగి ఉండాలి. విద్యార్థి మనసులో జవాబు అనుకున్నాకే తెర తాకాలి. నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనే పద్ధతి చూడటానికి బాగుంటుంది కానీ, కళ్ల ముందున్నదాన్ని గుర్తుపట్టడం తేలిక. ఇంటర్వ్యూలో ఎదుటివాడు నాలుగు మాటలు చేతికిచ్చి ఎంచుకోమనడు. అందుకే కొన్నాళ్లకు వరుస తిప్పాలి, తెలుగు అర్థం చూపించి ఇంగ్లీషు మాట అడగాలి.

మూడో సంగతి వ్యవధి. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత అరలున్న పెట్టె పద్ధతి ఒకటి ప్రచారంలోకి తెచ్చాడు. మాటలు రాసిన చీటీలన్నీ మొదటి అరలో పెడతారు. గుర్తున్న చీటీ తర్వాతి అరలోకి వెళుతుంది, మరచిపోయింది మొదటి అరకు తిరిగొస్తుంది. వెనక అరలను తీసే వ్యవధి అంతకంతకూ పెరుగుతుంది. పోలండ్‌లో పియోటర్ వోజ్నియాక్ 1987లో ఈ పనిని కంప్యూటర్ లెక్కగా మార్చాడు. 2006లో డేమియన్ ఎల్మ్స్ విడుదల చేసిన అంకీ అనే ప్రోగ్రాం ఆ లెక్కనే తీసుకుని ప్రపంచమంతా పాకింది.

ఆ లెక్క చెబుతాను, తేలికే. కొత్త మాటను ఒక రోజు ఆగి అడుగుతారు. గుర్తుంటే ఆరు రోజులకు. ఆ తర్వాత ప్రతిసారీ వ్యవధి సుమారు రెండున్నర రెట్లు అవుతుంది: పదిహేను రోజులు, ముప్పై ఎనిమిది, తొంభై నాలుగు. ఎక్కడా మరచిపోకపోతే ఒక మాటను ఏడాది మొత్తంలో అయిదుసార్లు అడిగితే చాలు. ఒక్కోసారికి పది సెకన్లు పడుతుందనుకుంటే, ఒక మాట ఏడాదిపాటు మన దగ్గర ఉండటానికి నిమిషం కూడా ఖర్చు కాదు. తీరిక లేనివారికి ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది?

కానీ తేదీలతో నడిచే ఏ లెక్కకైనా ఒక చిక్కుంది. విద్యార్థి రాని రోజు కూడా తేదీ కదిలిపోతుంది. చిట్టా పేరుకుంటుంది. దీనికి విరుగుడుగా నాలుగు ఏర్పాట్లు కావాలంటాను.

మొదటిది, రోజుకు ఇన్నే అని ఒక హద్దు. బాకీ మూడు వందలున్నా ఆ పూట కనిపించేది ఇరవయ్యో ముప్పయ్యో కావాలి. మిగతావి నిశ్శబ్దంగా రాబోయే రోజులకు సర్దుకోవాలి.

రెండోది, తిరిగొచ్చిన రోజు కొత్త మాటలు ఆగిపోవాలి. పాతవి కాస్త తేరుకున్నాక మళ్లీ వాటంతట అవే మొదలవ్వాలి.

మూడోది, ఆలస్యానికి విలువ కట్టాలి. ఆరు రోజులకు అడగాల్సిన మాటను పదహారు రోజులకు అడిగినా గుర్తుందంటే, అది లెక్క అనుకున్నదానికంటే గట్టిగా పాతుకుపోయిందని అర్థం. దాని తర్వాతి వ్యవధి ఇంకా పెంచవచ్చు. తప్పిన రోజు ఇక్కడ విద్యార్థికి లాభమే అవుతుంది.

నాలుగోది, వరుసగా ఎన్ని రోజులు తెరిచారన్న అంకె ఎక్కడా కనిపించకూడదు. దాని బదులు ఎన్ని మాటలు నిలిచాయో చూపించాలి. రోజుల వరుస ఒక్క జ్వరంతో సున్నా అవుతుంది. నిలిచిన మాటల లెక్క అలా సున్నా కాదు. జ్వరం తగ్గి వచ్చిన పిల్లకు ఆ అంకె అక్కడే కనిపించాలి.

ఇప్పుడు అసలు ఏ మాటలు నేర్పాలన్న విషయానికి వస్తాను. చాలామంది పిల్లలు పాత పుస్తకాల కొట్టులో లావుపాటి మాటల పట్టిక కొని, మొదటి పేజీ నుంచి ఎవరూ వాడని మాటలు బట్టీ పెడుతుంటారు. వాళ్ల శ్రమ చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఈ విషయంలో మనకు దారి చూపిన పెద్దలు ఉన్నారు. ఢాకాలో బోధనా కళాశాల నడిపి, బెంగాలీ పిల్లలు ఇంగ్లీషు చదివే తీరును దగ్గర నుంచి చూసిన మైకేల్ వెస్ట్, 1953లో నిత్యం పనికొచ్చే సుమారు రెండు వేల మాటల జాబితా ప్రచురించాడు. న్యూజిలాండ్‌లో ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ఇంకో జాబితా ఇచ్చింది. ముప్పై అయిదు లక్షల మాటలున్న కాలేజీ స్థాయి రచనలను జల్లించి, వెస్ట్ జాబితాలో లేనివి, అన్ని సబ్జెక్టుల్లోనూ పదేపదే వచ్చేవి 570 మాటల కుటుంబాలు, అంటే ఒక పెద్ద మాటా దాని నుంచి పుట్టిన రూపాలూ కలిసిన గుంపులు, తీసింది. కాలేజీ పుస్తకంలో ప్రతి పది మాటల్లో సుమారు ఒకటి ఈ 570లోనిదే.

తెలుగు మీడియం నుంచి డిగ్రీకి వచ్చిన అబ్బాయికి మొదట ఇవి కావాలి. రోజుకు అయిదు చొప్పున తీసుకుంటే ఒక్కో కుటుంబంలో పెద్ద మాట నాలుగు నెలల్లోపు పూర్తవుతుంది. నెలలో పది రోజులు తప్పిపోయినా ఆరు నెలల్లో పూర్తవుతుంది. తప్పిన రోజుల్ని ముందే లెక్కలో కలుపుకోమని నేను అంటున్నది ఇందుకే. ఆ తర్వాత ఎవరి సబ్జెక్టు మాటలు వారు చేర్చుకునే వీలుండాలి. ఫార్మసీ చదివే అమ్మాయికీ, కామర్స్ చదివే అబ్బాయికీ ఒకే పట్టిక పనికిరాదు. తమ పాఠ్యపుస్తకంలో కనబడ్డ మాటను అక్కడికక్కడ యాప్‌లో వేసుకోగలిగితే ఆ మాట మీద మమకారం కూడా ఉంటుంది.

ఇక చీటీ మీద ఏముండాలి? అర్థం నేటి తెలుగులో ఉండాలి. నిఘంటువుల్లో కొన్ని అర్థాలు ఇప్పటి పిల్లలకు ఇంగ్లీషు మాట కంటే కష్టంగా తోస్తాయి. 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువు మొదలు శంకరనారాయణ నిఘంటువు దాకా ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒక్కచోట వెతుక్కోవచ్చు. అది యాప్ తయారుచేసేవారికి నిధి. అయితే అక్కడ దొరికిన అర్థాన్ని ఇంట్లో మాట్లాడే మాటలోకి మార్చి పెట్టాలి. ఉదాహరణ వాక్యం కూడా మన చుట్టూ ఉన్నదై ఉండాలి. రైలు ఆలస్యమవడం, హాస్టల్ ఫీజు, వాన నీళ్లు నిలిచిన రోడ్డు, ఇలాంటివి.

ఉచ్చారణను తెలుగు అక్షరాల్లో రాసి వదిలేస్తే సరిపోదు. పరిస్థితికి తగ్గట్టు మారడం అనే అర్థం ఉన్న అడాప్ట్, దత్తత తీసుకోవడం అనే అర్థం ఉన్న అడాప్ట్ ఇంగ్లీషులో రెండు వేరు మాటలు, వేరు స్పెల్లింగులు, వేరు శబ్దాలు. మన లిపిలో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. కాబట్టి ప్రతి చీటీకీ గొంతు ఉండాలి. ఇలాంటి జంటలను ఒకే రోజు నేర్పకూడదు కూడా. దగ్గరి అర్థాల మాటల విషయంలోనూ అంతే: వాటిని గుంపుగా నేర్పితే ఒకదానితో ఒకటి కలగలిసిపోతాయని 1990లలో టింకమ్ వంటి పరిశోధకులు చూపించారు. ఒకటి నిలదొక్కుకున్నాకే రెండోది రావాలి.

ఇక అక్షరాల సంగతి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరానికి చాలిన ఎత్తు మన అక్షరానికి చాలదు. చిన్న తెర మీద ఒత్తులు తెగిపోతే కుదుపుల బస్సులో చదవడం ఎవరి తరమూ కాదు. తెలుగు అక్షరం పెద్దదిగా, వరుసల మధ్య ఎడం ఎక్కువగా ఉండాలి.

బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడ్డవాడికి చెయ్యి ఖాళీ ఉండదు. అతని కోసం చెవి దారి ఒకటి పెట్టాలి. మాట వినిపించి, నాలుగైదు సెకన్లు మౌనంగా ఆగి, అప్పుడు అర్థం చెప్పాలి. ఆ మౌనంలోనే విద్యార్థి అప్పజెప్పుకుంటాడు. విజయవాడ ఆకాశవాణి సంస్కృత పాఠాలు విని ఎందరో ఆ భాషలో అడుగుపెట్టారు. చెవితో భాష నేర్చుకోవచ్చని రేడియో శ్రోతలకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఫోన్ల సంగతీ గుర్తుంచుకోవాలి. చవక ఫోన్లో జాగా తక్కువ, నెలాఖరుకు డేటా అయిపోతుంది. మాటలూ వాక్యాలూ ఫోన్లోనే నిల్వ ఉండి, నెట్ లేకపోయినా యాప్ నడవాలి. గుర్తుచేసే నోటిఫికేషన్ రోజుకు ఒక్కటి చాలు, అదీ విద్యార్థి ఎంచుకున్న వేళకు. ఇంటర్ పిల్లల్లో చాలామంది పద్దెనిమిదేళ్లు నిండనివారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, వారిని వెంటాడే ప్రకటనలు కూడదు. మాటలు నేర్పడానికి పిల్ల ఫోన్ నంబరు, ఊరు, ఫొటో ఎందుకు? అడగకపోవడమే మర్యాద.

పరీక్ష తేదీ మాత్రం తప్పకుండా అడగాలి. 2008లో సెపెడా బృందం 1,350 మందికి పైగా మనుషుల మీద చేసిన అధ్యయనంలో ఒక సంగతి తేలింది. పరీక్ష వారం దూరంలో ఉంటే, ఆ వ్యవధిలో 20 నుంచి 40 శాతం ఎడమిచ్చి మళ్లీ చదవడం మేలు. ఏడాది దూరంలో ఉంటే 5 నుంచి 10 శాతం ఎడం, అంటే మూడు వారాలకో, నెలకో. సెమిస్టర్ పరీక్ష రాసే పిల్లకూ, వచ్చే ఏటి నోటిఫికేషన్ కోసం చదివే అబ్బాయికీ యాప్ ఒకే వేగంతో నడవకూడదు.

మరి ఇలాంటి యాప్ ఎవరు తయారుచేయాలి? మన జంట నగరాల్లో ఇంజినీరింగ్ కాలేజీలు ఎన్నో ఉన్నాయి. బీటెక్ ఆఖరి ఏడాది ప్రతి విద్యార్థీ ఒక ప్రాజెక్టు చేయాలి. తార్నాకలో, 1958లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీషే ఎదిగి, ఇవాళ ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా ఉంది. భాష తెలిసినవాళ్లూ, కోడ్ రాసేవాళ్లూ ఒకే ఊళ్లో ఉన్నారు. ఇద్దరూ కలిసి కూర్చుంటే ఈ పని అయిపోతుంది.

ఆ పనికి పూనుకునే పిల్లలకు నా విన్నపం ఒక్కటే. మీ యాప్ తయారయ్యాక పదిమంది తోటి విద్యార్థులకు ఇవ్వండి. రెండు వారాలు వాడమనండి, తర్వాత పది రోజులు ముట్టుకోవద్దనండి. పదకొండో రోజు వాళ్లు తెరిచినప్పుడు పక్కన కూర్చుని చూడండి. మొదటి నిమిషంలో యాప్ మూసేశారా, లేక కాసేపు కూర్చుని చదివారా? మార్కులు ఆ నిమిషానికి వేసుకోండి.

యాప్ కోసం ఎదురుచూడలేని విద్యార్థులు ఇవాళే అట్టపెట్టెలో అయిదు అరలు చేసుకుని, రోజుకు అయిదు చీటీలు రాసుకోండి. కొన్నాళ్లు తీయలేకపోయారా, సిగ్గుపడాల్సిందేమీ లేదు. తీరిక దొరికిన రోజు మొదటి అర నుంచి ఇరవై చీటీలు తీయండి. మీరనుకున్నదానికంటే ఎక్కువే గుర్తుంటాయి.